మేడం సొంత వాక్యం

మొన్న సాయంత్రం మా అమ్మాయి ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని వంటింటి గడపలో కూర్చుంది.

"అమ్మా, 'మిస్ ది బోట్' అంటే పడవ తప్పిపోవుడేనా? అర్థం రాసి సొంత వాక్యంలో వాడమన్నరు."

నేను పప్పులోకి పోపు పెడుతున్నాను. ఆ మాట వినగానే నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. గరిటె పట్టుకుని నిలబడి నవ్వుతూనే ఉన్నాను, పోపు కాస్తా మాడింది.

"అంత నవ్వేమున్నది ఇండ్ల?" అని పిల్ల చిరాకు పడింది.

ఏం చెప్పను? ఆ మాట వింటే నాకు పడవ గుర్తు రాదు. గద్వాల జూనియర్ కాలేజీలో మాకు ఇంగ్లీషు చెప్పిన మేడం గుర్తొస్తారు. మొన్న చలికాలంలో ఆమె నాగర్‌కర్నూల్‌లో పోయారు. కబురు తెలిసిన రోజు వెళ్లి, కడసారి చూసి, ఏడ్చి వచ్చాను. అయినా ఆమెను తలుచుకుంటే మాత్రం ముందు నవ్వే వస్తుంది. దానికి నేనేం చేయలేను. ఆ మనిషి అట్లాంటిది.

పొట్టి మనిషి. ఏ కాలమైనా చేతిలో మగవాళ్లు పట్టే పెద్ద నల్ల గొడుగు. గడియారాన్ని మణికట్టు లోపలి వైపుకు తిప్పి కట్టుకునేవారు. టైము చూడాలంటే ఎవరికో దండం పెట్టబోతున్నట్టు చెయ్యెత్తాలి. క్లాసులోకి వచ్చేటప్పుడు చీర ఎంత శుభ్రంగా ఉండేదో, వెళ్లేటప్పటికి కొంగంతా సుద్దపొడి. డస్టరు ఎదురుగా ఉన్నా బోర్డును చేత్తోనే తుడిచేవారు, చేతిని కొంగుకు తుడుచుకునేవారు.

ఎవరైనా లేచి గైడులో బట్టీ పట్టిన అర్థం గడగడ అప్పజెప్పబోతే చెయ్యెత్తి ఆపేవారు. "అర్థం గైడుల దొరుకుతది. వాక్యం నీ తాన్నే ఉంటది. అది తియ్ ముందు." వాక్యం తప్పుల తడకైనా సరే, అందులో ఆ పిల్లవాడి ఇల్లో, ఊరో, మేకో, తాతో కనిపిస్తే చాలు, ఆమె ముఖం వెలిగిపోయేది.

నేను వడ్డేపల్లి నుంచి వచ్చి గద్వాలలో ఇంటర్ చదివే రోజుల్లో ఈ నానుడి పాఠం జరిగింది. మేడం బోర్డు మీద పడవ గీశారు. ఆమెకు బొమ్మలు రావు. అది పడవలాగా లేదు, ఎవరో విడిచిపోయిన చెప్పులాగా ఉంది.

"మేడం, రెండో చెప్పు యాడ?" అన్నారెవరో వెనక నుంచి.

మేడం రెండడుగులు వెనక్కి జరిగి, తల పక్కకు వంచి, తన బొమ్మను తానే చూసుకున్నారు. "నిజమే రా," అని దాని పక్కనే ఇంకోటి గీశారు. "ఇగో, జత కుదిరింది. ఇప్పుడు చెప్పుండ్రి. మిస్ ది బోట్ అంటే ఏంది?"

మాది నడిగడ్డ. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. క్లాసులో చాలామంది ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. పుట్టిలో, అంటే ఆ గుండ్రటి పడవలో, నది దాటడం వాళ్లకు అలవాటే. ఒక పిల్లవాడు లేచి ధైర్యంగా, "ఐ మిస్ ది బోట్, సో ఐ స్విమ్," అన్నాడు.

"ఈతొస్తదా నీకు?"

"మస్తు వస్తది మేడం."

"మరి పుస్తకాలు?"

"నెత్తి మీద పెట్టుకుంట."

"అయితే నీ వాక్యం నిజమైనదే. కాని జర ఆగు." అప్పుడు మొదలుపెట్టారు. "పుట్టి పోతే కొంచెం సేపటికి ఇంకో పుట్టి వస్తది. అది వట్టి ఆలస్యం. దానికి ఈ మాట అక్కర్లే. మళ్ల రాని అవకాశం ఒకటి ఉంటది చూడు. నువ్వు అటిటు చూసుకుంట నిలవడంగనే అది పోతది. గప్పుడనాలె, మిస్డ్ ది బోట్. దరఖాస్తు తారీకు దాటిపాయె, నువ్వు ఇంట్లనే ఉన్నవు. మిస్డ్ ది బోట్. నిన్న పత్తికి మంచి ధర ఉండె, రేపు చూద్దామనుకున్నవు, ఇయ్యాల పడిపాయె. మిస్డ్ ది బోట్. 'ఎ బోట్' అనొద్దు. 'ది బోట్'. ఆ ఒక్క పడవే."

దీనికి తెలుగులో ఏమంటామని అడిగారు. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు అన్నాను నేను. "అండ్ల చేతులన్న కాలినయి. ఇండ్ల ఏం కాల్లేదు పిల్లా, ఊకెనే నిలవడ్డడు," అని తోసిపుచ్చారు. పుణ్యకాలం దాటిపోయిందని అనొచ్చా అని ఇంకో అమ్మాయి అడిగితే, "ఆఁ, ఇది దగ్గరికొచ్చింది," అని సంతోషపడ్డారు.

"ఇగ సొంత వాక్యాలు."

చివరి బెంచీ నుంచి ఒక గొంతు లేచింది. "అవర్ మేడం మిస్డ్ ది బోట్."

మేడంకు పెళ్లి కాలేదని గద్వాలలో తెలియనివాళ్లు లేరు. అప్పటికే ఆమె తలలో అక్కడక్కడా తెల్లబడింది. తండ్రి తొందరగా పోతే తమ్ముడిని చదివించి, పెళ్లి చేసి, ఆ తమ్ముడి ఇంట్లోనే మేడమీది గదిలో ఉంటున్నారని మా అందరికీ ఎరుకే. ఆడపిల్లలం తలలు దించుకున్నాం. ఆ మాట అన్న పిల్లవాడు కూడా తెల్లమొఖం వేశాడు.

మేడం ఆ వాక్యాన్ని బోర్డు మీద రాశారు, ఒక్కో అక్షరం విడివిడిగా. రాసి, చదివి, సుద్దముక్కతో ఒక్కో మాట కింద గీత గీశారు.

"కర్త ఉన్నది. క్రియ ఉన్నది. కాలం సరిపోయింది. 'ది' మరువలే. తప్పేం లేదు, కూచో." తరవాత చేతిని కొంగుకు తుడుచుకుంటూ, "ఒక్కటే సంగతి. ఎదుటోళ్ల గురించి ఈ మాట అనేటప్పుడు జర పైలం. ఆ మనిషి అసలు ఎక్కుదామనుకున్నదో లేదో మనకు తెల్వదు గద," అని, అందరికంటే ముందు తనే నవ్వేశారు. ఆ నవ్వుతో మాకు ఊపిరి వచ్చింది.

నేను ఎమ్మే చదివి, అదే కాలేజీకి ఇంగ్లీషు లెక్చరర్‌గా వచ్చాను. మేడం పక్క కుర్చీ నాది. అప్పటికి ఆమె రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. చదువుకున్నప్పుడు కనిపించనివి అప్పుడు కనిపించాయి. బస్సు కదులుతున్నా సరే, ఆమె పరుగెత్తేవారు కాదు. గొడుగు ఆనించుకుని నిలబడి, "పోనియ్, ఇంకోటి వస్తది తియ్," అనేవారు. ఏ విషయంలోనూ పరుగు లేదు.

ఎండాకాలం ఇంటర్ పేపర్లు దిద్దడానికి మహబూబ్‌నగర్ వెళ్లేవాళ్లం. పెద్ద హాలు, వరసగా బల్లలు, పైన కిర్రుమనే ఫ్యాన్లు. అక్కడే మొదటిసారి చూశాను, మేమంతా సార్ అని పిలిచే ఇంకో ఇంగ్లీషు లెక్చరర్‌ను. వనపర్తిలో పనిచేసేవారు, సొంతిల్లు నాగర్‌కర్నూల్. పొడుగు మనిషి, ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఎడమ చెవి అసలు వినబడదు, కుడి చెవి అంతంత మాత్రం. చెవి మిషన్ ఉంది గాని అది కీచుమంటోందని తీసి జేబులో వేసుకునేవారు. ఏ యేడైనా మేడం ఆయనకు కుడి పక్క కుర్చీలోనే కూర్చునేవారు. ఆ కుర్చీ ఆమెదని హాలంతా ఒప్పుకున్నట్టే ఉండేది.

ఇద్దరికీ దినం పొడుగునా కొట్లాటే. మార్కులు వేయడంలో సార్ చెయ్యి పొదుపు, మేడం చెయ్యి ధారాళం. ఒకసారి ఈ నానుడే ప్రశ్నగా వచ్చింది. ఎవరో పిల్లవాడు, పడవ నిండా మేకలున్నాయి కాబట్టి మా నాన్నకు పడవ తప్పిందని రాశాడు. ఇంగ్లీషులో బోటూ గోటూ ప్రాస కుదిరింది కూడా.

"సున్నా," అన్నారు సార్.

"సున్నా ఎట్ల సార్? వాక్యం ఎంత చక్కగున్నది."

"నానుడి అర్థంల వాడలేదు మేడం. నిజం పడవ, నిజం మేకలు."

"పాపం వాళ్ల నాయిన ఒడ్డు మీద నిలవడ్డడు సార్. మేకలు పోతున్నయి, ఆయన చూస్తున్నడు. మీకు కండ్ల ముందు కనవడ్తలేదా?"

సార్ కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ చదివారు. పెదవులు బిగబట్టారు గాని నవ్వు బయటికొచ్చేసింది. "అర మార్కు. మేకలకు," అని వేశారు.

పేపర్లు దిద్దడం అంత సంతోషంగా ఉంటుందని వాళ్లిద్దరినీ చూసేదాకా నాకు తెలియదు.

సార్ రిటైరయ్యే యేడు వచ్చింది. పేపర్లు దిద్దే క్యాంపు ఆఖరి రోజు బయట చాయ్ బండి దగ్గర ముగ్గురం నిలబడ్డాం. సార్ గ్లాసును రెండు చేతుల్లో తిప్పుతూ, "వచ్చే యేడు మీ పక్కన ఎవరు కూసుంటరో మేడం," అన్నారు. అని, ఆమె ముఖంలోకే చూస్తూ ఆగారు.

"ఎవరో ఒకరు వస్తరు తియ్ సార్," అన్నారు మేడం, చాయ్ ఊదుకుంటూ.

సార్ తలూపి, గ్లాసు బండి మీద పెట్టి వెళ్లిపోయారు.

మరుసటి యేడు ఆ కుర్చీలోకి ఒక కుర్ర లెక్చరర్ వచ్చాడు. మంచివాడే. మేడం ఏమంటే అది ఒప్పుకునేవాడు. మేడం అర మార్కు కోసం ఎవరితోనూ కొట్లాడలేదు. మధ్యాహ్నానికే పేపర్ల కట్ట అయిపోయేది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మేడం ఉన్నట్టుండి, "పిల్లా, ఆ దినం చాయ్ కాడ సార్ నన్ను ఏమడిగిండో నీకు సమజైందా?" అన్నారు.

"కుర్చీ సంగతి అడిగిండు గద మేడం."

"కుర్చీ సంగతి గాదే."

నేను ఆమె వైపు తిరిగాను. "మరి మీకు సమజైందా?"

"అప్పుడే అయింది. నోట్లకు మాత్రం వేరే మాట వచ్చింది." గొడుగు పిడిని బొటనవేలితో రుద్దుతున్నారు. "ఇన్నేండ్ల సంది పిల్లలకు పాఠం చెప్తున్న. నా దాకా వచ్చేసరికి చాయ్ ఊదుకుంట నిలవడ్డ. చూడరాదు, ఎంత గమ్మత్తో."

నవ్వడానికే చూశారు. నవ్వు సగంలో ఆగింది. ఆమె నవ్వు అట్లా ఆగడం నేను చూడటం అదే మొదలు.

"ఇప్పుడేమైంది? ఫోన్ చేయుండ్రి."

"ఫోన్లనా? ఎదురుంగ నిలవడి చెప్తెనే సగం వినవడది ఆయనకు."

ఆ ముచ్చట అంతటితో ఆగింది. వానలు పడ్డాయి, కాలేజీ తెరిచారు. ఒక శనివారం వనపర్తి నుంచి పనిమీద వచ్చిన లెక్చరర్ ఒకాయన మాటల మీద చెప్పాడు: సార్ నాగర్‌కర్నూల్ ఇల్లు కిరాయికిచ్చి కూతురి దగ్గరికి పోతున్నారట, రేపే సామాను ఎత్తుతున్నారట. ఆయన వెళ్లిపోయాక మేడం కాసేపు స్టాఫ్‌రూం కిటికీలోంచి బయటికి చూశారు. తరవాత నా వైపు తిరిగారు.

"రేపు నీకేమన్న పనున్నదా?"

"లేదు మేడం."

"నాగర్‌కర్నూల్ పోదాం."

పొద్దున నేను గద్వాల బస్టాండుకు వెళ్లేసరికి వనపర్తి బస్సు కదులుతోంది. మేడం ఇంకా రాలేదు. అయిపోయిందనుకున్నాను. అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది, అందులోంచి గొడుగు ముందు దిగింది, వెనక మేడం. ఎడమ చేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, కుడి చేత్తో గొడుగు గాలిలో ఊపుతూ పరుగు! "ఓ డ్రైవరన్నా! ఆపన్నా! జర ఆపు!" బస్టాండు మొత్తం ఆ పొట్టి మనిషి పరుగును నోరు తెరిచి చూసింది. బస్సు ఆగింది. కండక్టరమ్మ చెయ్యిచ్చి పైకి లాగుతూ, "మేడం, మీరు ఉరుకుడు నేను ఎన్నడు చూడలే," అంది.

"నేను గూడ చూడలేదమ్మా," అన్నారు మేడం, రొప్పుతూ.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతున్నప్పుడు చూశాను, ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏం చదువుతున్నారని అడిగితే, ఏం చెప్పాలో ఇంగ్లీషులో కుదుర్చుకుంటున్నానన్నారు. ఇంగ్లీషులో అయితే సిగ్గు తక్కువట.

వనపర్తిలో దిగి నాగర్‌కర్నూల్ బస్సు కోసం కూర్చున్నాం. అక్కడ ధైర్యం జారింది. వేడి పల్లీలు కొనిచ్చాను, ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు.

"వాపసు పోదాం పిల్లా. తలకాయ నొస్తున్నది. ఏ ముఖంతోని అడుగుదు? రిటైరయ్యే వయసు. ఆయన బిడ్డ ఏమనుకుంటది? కాదంటే? పోనీ, కాదన్నా మంచిదే. నవ్వితే?"

బిజినేపల్లి మీదుగా పోయే బస్సు వచ్చి ఎదురుగా నిలబడింది. "మేడం, అదే మన బస్సు. ఎక్కుడా వద్దా మీరే చెప్పుండ్రి. మీరెట్లంటే అట్ల," అన్నాను. ఆమె పల్లీల పొట్లం మడిచారు, విప్పారు, మళ్లీ మడిచారు. డ్రైవరు ఎక్కి హారన్ కొట్టాడు. మేడం లేచారు. నా చెయ్యి పట్టుకున్నారు.

సార్ ఇల్లు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. వీధిలోకి తిరగ్గానే సామానుతో నిండిన వ్యాను కనిపించింది. బీరువాకు తాడు బిగించి, హమాలీలు ఇద్దరు నీడన కూర్చుని చాయ్ తాగుతున్నారు. సార్ వరండాలో పుస్తకాల కట్టకు సుతిలి దారం చుడుతున్నారు. మమ్మల్ని చూసి దారం చేతిలో ఉండగానే లేచారు.

"మేడం! మీరా! రండ్రి, రండ్రి. అయ్యో, కుర్చీలన్ని బండెక్కిచ్చిన. కూసోమననీకి ఒక్కటి గూడ లేదు."

మేడం కూర్చోలేదు. మెట్టు దగ్గరే నిలబడి, బస్సులో కుదుర్చుకున్న ఇంగ్లీషు వాక్యం మొదలుపెట్టారు. చాలా మంచి వాక్యమే అయి ఉంటుంది. పక్కనున్న నాకే సగం వినబడలేదు.

"ఆఁ?" అన్నారు సార్, చెవికి చెయ్యి ఆనించి.

మేడం ఆయన కుడి పక్కకు జరిగి మళ్లీ చెప్పారు.

"హైదరాబాదా? ఔను మేడం, ఇయ్యాలనే."

మేడం ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. తరవాత క్లాసులో చివరి బెంచీ దాకా పోయే గొంతు ఎత్తారు. ఇంగ్లీషు గాలికి పోయింది.

"సార్! మీరు హైదరాబాద్ పోవొద్దు! నన్ను పెండ్లి చేసుకుంటరా?"

వీధి వీధంతా విన్నది. ఎదురింటి అరుగు మీద చాటలో బియ్యం చెరుగుతున్న పెద్దమ్మ చెయ్యి ఆగింది. హమాలీలు గ్లాసులు కింద పెట్టారు. మేడం ముఖం మంకెనపువ్వులా అయింది, అయినా అక్కడి నుంచి కదల్లేదు.

సార్ దారం పక్కన పెట్టి, కిటికీ దగ్గరికి నడిచి, అక్కడున్న చెవి మిషన్ తీసుకున్నారు. తీరిగ్గా పెట్టుకున్నారు. అది కీచుమంది. సర్దుకున్నారు. తిరిగొచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డారు.

"ఇగ చెప్పుండ్రి మేడం."

మేడం మళ్లీ చెప్పారు. ఈసారి మెల్లగా, ఒక్కో మాట విడివిడిగా.

"మొదటిసారే వినవడ్డది," అన్నారు సార్. "ఇంకొకసారి వినాలనిపిచ్చింది."

ఎదురింటి పెద్దమ్మ ఇక ఆగలేకపోయింది. "ఓ సారూ! ఔననో కాదనో చెప్పు, పాపం ఆమె ఎండల నిలవడ్డది!"

"ఔను," అన్నారు సార్, పెద్దమ్మకు వినబడేటట్టు. మళ్లీ మేడం వైపు తిరిగి, "ఔను," అన్నారు.

కూతురికి ఫోన్ చేశారు. ఆయనకు వినబడాలని ఆ అమ్మాయి ఎప్పుడూ అరిచే మాట్లాడుతుందట, కాబట్టి మాకూ వినబడింది. సార్ సంగతంతా చెప్పారు. మేడం కొంగు కొసను వేలికి చుట్టుకుంటున్నారు. ఆ తరవాత ఆ పిల్ల అంది: "నాన్నా, సామాను దించుకో. వచ్చే ఆదివారం నేనే వస్త. ఆమెకు ఫోనియ్యి." మేడం ఫోన్ అందుకుని పెరటి వైపు వెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగొచ్చేటప్పుడు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

"ఇప్పుడే ఎక్కిస్తిమి, మళ్ల దించుడా?" అని హమాలీలు తలలు పట్టుకున్నారు. ముందుగా ఒక కుర్చీ దించి మేడంకు వేశారు.

అసలు కష్టం గద్వాలలో ఎదురైంది. ఆమె తమ్ముడు చెడ్డవాడు కాదు. అక్క అంటే ప్రాణం. ఆ సాయంత్రం తోడుగా నన్నూ ఇంట్లోకి తీసుకెళ్లారు మేడం.

"అక్కా, నీకు మేమేం తక్కువ చేసినమే?"

"ఏం తక్కువ చేయలే రా."

"మరి ఈ వయసుల గీ పెండ్లేంది? నలుగురు నవ్వుతరు."

"నవ్వనీ. నేను గూడ నవ్వుతనే ఉన్న గద."

"అన్నిటికి ఒక టైముంటదక్కా. పిల్లలకు నువ్వే చెప్తవు గద, పడవ పోయిందని. నీది ఎప్పుడో పాయె." అన్నాక ఆయనే తల దించుకున్నాడు.

మేడం కోప్పడలేదు. "పాయె రా. నీ చదువప్పుడొకటి పాయె, నీ పెండ్లప్పుడొకటి పాయె. నేను ఏడ్సుకుంట కూసోలే. నీతోని సంతోషంగనే ఉన్న, అబద్ధం ఎందుకు చెప్పాలె. గవి పోనీ. గిది మాత్రం నాకు కావాలె రా."

తమ్ముడు చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. రిజిస్టర్ పెళ్లికి నోటీసు ఇచ్చి గడువు కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో అక్కతో ఒక్క మాట మాట్లాడలేదు. మేడం ఎప్పటిలాగే కాలేజీకి వచ్చేవారు, ఎప్పటిలాగే కొంగు నిండా సుద్దపొడితో క్లాసులోంచి బయటికొచ్చేవారు. అన్నం డబ్బా మాత్రం చాలాసార్లు సగం తిని మూసేసేవారు.

పెళ్లి రోజు రిజిస్ట్రార్ ఆఫీసులో ముగ్గురు సాక్షులు కావాలన్నారు. సార్ కూతురు ఒకరు, నేను ఒకరు. మూడో సంతకానికి బయట చాలామంది ఉన్నారు. మేడం దగ్గర చదువుకున్నవాళ్లు గుంపుగా వచ్చారు. ఎవరైనా పెట్టొచ్చు. మేడం ఒప్పుకోలేదు.

"మా తమ్ముడు వస్తడు."

క్లర్కు గడియారం చూశాడు, మళ్లీ చూశాడు, భోజనానికి లేస్తానన్నాడు. సార్ ఆమె చెవి దగ్గర, "ఆగుదాం. నాకేం తొందర లేదు," అన్నారు. ఆమె తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు. నాకు మాత్రం ఆశ లేదు. ఆ ముఖంలో నవ్వు మళ్లీ సగంలో ఆగిపోతుందేమోనని భయంగా ఉంది.

తమ్ముడు వచ్చాడు. చెమటలు కక్కుతూ, చంకలో కాగితం పొట్లంతో. తిన్నగా అక్క ముందుకు వచ్చి ఒడిలో పెట్టాడు. చిలకపచ్చ నూలు చీర, ఎర్ర పట్టు అంచు.

"చెప్పి నేయించిన. మగ్గం మీదికెల్లి పొద్దున్నే దిగింది. అందుకే ఆలస్యమైంది."

"ఎప్పుడు చెప్పినవు రా?"

"నువ్వు చెప్పిన తెల్లారే."

అన్నాళ్లూ మాట్లాడకుండా ఉన్నది కోపంతో అనుకున్నాం. కోపమూ ఉండే ఉంటుంది. ఆ కోపంతోనే రోజూ నేతగాళ్ల వీధికి వెళ్లి, చీర ఎంతదాకా వచ్చిందో చూసి వచ్చేవాడట. మేడం ఆ చీర విప్పి, కట్టుకున్న చీర మీదుగానే భుజాల చుట్టూ కప్పుకున్నారు. తమ్ముడు కళ్లు తుడుచుకుని సంతకం పెట్టాడు. బయట ఈలలు, చప్పట్లు. ఆకలితో ఉన్న క్లర్కు కూడా చప్పట్లు కొట్టాడు. గద్వాల నవ్విన మాట నిజమే, కాని తమ్ముడు భయపడ్డ నవ్వు కాదు అది.

రిటైరయ్యాక మేడం నాగర్‌కర్నూల్ వెళ్లిపోయారు. కల్వకుర్తిలో మా ఆడపడుచు ఉంటుంది. అటు పోయినప్పుడల్లా దారిలో దిగి చూసి వచ్చేదాన్ని. వాళ్ల ఇంట్లో పగలంతా అరుపులే. ఆయనకు వినబడాలని ఆమె, ఆమె గొంతుకు దీటుగా ఆయన. పక్కింట్లోకి కొత్తగా వచ్చిన కిరాయివాళ్లెవరో మొగుడూపెళ్లాలు కొట్లాడుకుంటున్నారనుకుని సర్దిచెప్పడానికి వచ్చారట. తీరా చూస్తే క్యారంబోర్డు ఆడుతున్నారు.

నాకు ఎక్కువగా కళ్ల ముందు నిలిచేది ఒక శ్రావణ మాసపు ఉదయం. చెప్పకుండా వెళ్లాను. బస్సు దిగి వాళ్ల వీధి మొగదలకు వచ్చేసరికి ఎదురుగా ఒక ఎర్ర స్కూటీ వస్తోంది. బండి మీద మేడం. హెల్మెట్ కింద కళ్లద్దాలు, బిర్రుగా పట్టిన హ్యాండిలు, రోడ్డు మీద కుట్టేసినట్టున్న చూపు. వెనక సార్, ఒక చేత్తో ఆమె భుజం, ఇంకో చేత్తో మునక్కాయల కట్ట. స్కూటీ నేర్చుకుంటున్నారని నాకు అంతవరకు తెలియదు.

"మేడం!" అని అరిచి చెయ్యి ఊపాను.

నన్ను చూశారు. ముఖమంతా నవ్వు. బండి మాత్రం ఆగలేదు. నా పక్కనుంచే, అదే వేగంతో ముందుకు పోయింది.

"పిల్లా! ఆపుడు ఇంక రాలేదే!" గాలిలో కేక వినబడింది. "ఊరంత ఒక సుట్టు తిరిగొస్తం! ఇంట్ల కూసో!"

సార్ వెనక్కి తిరిగి, ఏమైనా వినబడిందో లేదో గాని, మునక్కాయల కట్ట పైకెత్తి నా వైపు ఊపారు. స్కూటీ మలుపు తిరిగింది. అది కనబడకుండా పోయాక కూడా హారన్ చాలాసేపు వినబడుతూనే ఉంది.